గర్భసంచి ఆపరేషన్: నిర్ణయం నుంచి కోలుకునేదాకా, తోటి ఆడవాళ్ళ తోడుతో

మన రెండు రాష్ట్రాల్లో గర్భసంచి తీయించుకున్న మనిషి లేని వీధి దొరకడం కష్టం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 15-49 ఏళ్ళ స్త్రీలలో సుమారు 3 శాతం మందికి ఈ ఆపరేషన్ అయితే, ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. చాలామందికి 40 ఏళ్ళు నిండకముందే అయిపోతోంది. ఇంతమంది దాటి వచ్చిన దారే అయినా, కొత్తగా వెళ్ళే ఆవిడకి దాని గురించి చెప్పేవాళ్ళుండరు. ఆపరేషన్ ఎలా చేస్తారో డాక్టర్ చెప్తారు. ఇంటికొచ్చాక మంచం మీంచి ఎలా లేవాలో, దగ్గొస్తే ఏం చెయ్యాలో, అత్తగారికి ఏమని చెప్పాలో చెప్పగలిగేది ఆ నొప్పి పడ్డ మనిషే.

నాకూ ఈ ఆపరేషన్ అయింది. ఆ తర్వాత మా డ్వాక్రా సంఘంలో, చుట్టాల్లో చాలామంది పక్కన కూర్చున్నాను. అక్కడ తెలిసినవీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ వైద్యానికి మాత్రం మీ డాక్టర్ మాటే ఆఖరు.

మొదటి మెట్టు: అసలు తీయాలా?

అన్నిటికంటే ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. తీసేశాక తిరిగి పెట్టేది కాదు కాబట్టి.

గర్భసంచిలో గానీ, దాని మూతిలో గానీ, అండాశయాల్లో గానీ క్యాన్సర్ తేలితే, కాన్పులో రక్తస్రావం ఎంతకీ ఆగకపోతే తీయక తప్పని పరిస్థితి రావచ్చు. పెద్ద ఫైబ్రాయిడ్ గడ్డలు, మందులకు లొంగని అధిక రక్తస్రావం, గర్భసంచి జారడం, ఎడినోమయోసిస్ (గర్భసంచి లోపలి పొర దాని కండరంలోకి పెరగడం), ఎండోమెట్రియోసిస్ (ఆ పొరలాంటిదే గర్భసంచి బయట పెరగడం) లాంటివాటికి మాత్రం తీయడం అనేది ఉన్న దారుల్లో ఒకటి. అధిక రక్తస్రావానికి ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలున్నాయి, హార్మోన్ మాత్రలున్నాయి. గర్భసంచి లోపల అమర్చే హార్మోన్ లూప్ ఉంది. ఇది చాలామందికి బ్లీడింగ్‌ని బాగా తగ్గిస్తుంది, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. గడ్డలు ఒక్కటే తీసి గర్భసంచిని ఉంచే ఆపరేషన్ కూడా ఉంది. మీ విషయంలో ఇవి పనికిరావని డాక్టర్ అంటే, ఎందుకు పనికిరావో కూడా చెప్పించుకోండి.

తెల్లబట్ట అవుతోందనో, "గర్భసంచికి పుండు పడింది, ఇలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అన్నారనో తీయించుకున్నవాళ్ళు మన ఊళ్ళలో ఎంతోమంది. తెల్లబట్ట చాలావరకు ఇన్ఫెక్షన్ వల్ల వస్తుంది, మందులతో తగ్గుతుంది. పుండు అని చెప్పేది కూడా ఎక్కువసార్లు మందులతోనో చిన్న చికిత్సతోనో పోయేదే. క్యాన్సర్ అనుమానం ఉంటే పాప్ స్మియర్ (గర్భసంచి మూతి నుంచి కణాలు తీసి చూసేది), హెచ్‌పీవీ పరీక్ష (ఆ మూతి క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్ ఉందేమో చూసేది) చేస్తారు. నెలసరి తేడాగా ఉండి వయసు నలభై దాటితే గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి, అంటే ల్యాబ్‌లో పరీక్షకి పంపుతారు. ఈ పరీక్షలేవీ లేకుండా, ఒక్క స్కానింగ్ చూసి "రేపే వచ్చి అడ్మిట్ అవ్వండి" అంటే అక్కడితో ఆగండి. రిపోర్టులు తీసుకుని ఇంకో గైనకాలజిస్ట్ దగ్గరికి, వీలైతే ప్రభుత్వ బోధనాసుపత్రికి వెళ్ళండి. రక్తం ధారగా పోతున్న అత్యవసరంలో తప్ప, రెండో అభిప్రాయం కోసం కొన్నాళ్ళు ఆగినా సాధారణంగా నష్టం ఉండదు. క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు మాత్రం ఆ కొన్నాళ్ళని వారాలు, నెలలు చేయకండి.

అనవసరంగా గర్భసంచులు తీసేయకుండా కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమల్లో పెట్టమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. "ఇంకో డాక్టర్‌ని అడుగుతాం" అనడానికి మొహమాటం అక్కర్లేదు.

రెండో మెట్టు: మీ తోడు మనుషులు

ఆపరేషన్ ఖాయం అయ్యాక ఇద్దరు ముగ్గుర్ని ఎంచుకోండి. ఎవరు పడితే వాళ్ళు వద్దు. మీలాంటి కారణంతో, మీకు చేయబోయే పద్ధతిలోనే చేయించుకున్న ఆవిడ ఒకరు ఉండాలి. పొట్ట కోసి చేసిన ఆపరేషన్‌కీ, ల్యాప్రోస్కోపీకీ (పొట్ట మీద చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసేది), కింది నుంచి చేసేదానికీ కోలుకునే తీరు వేరు. పొట్ట మీద పెద్ద కోత పడ్డ ఆవిడ అనుభవం విని, ల్యాప్రోస్కోపీకి వెళ్ళే మనిషి ఊరికే బెంబేలెత్తిపోతుంది. ఇంకొకరు ఆపరేషన్ అయి ఏడాది రెండేళ్ళు దాటిన ఆవిడైతే మంచిది. ఆవిర్లు, నిద్ర, మొగుడూపెళ్ళాల సంగతులు ఆవిడే చెప్పగలదు. వీళ్ళు సంఘంలో, పనిచేసే చోట, కాలనీలో దొరుకుతారు. ఎవరూ తెలియకపోతే ఆశా కార్యకర్తను అడగండి, ఊళ్ళో ఎవరికి ఎప్పుడు అయిందో ఆమెకి తెలుస్తుంది. ఎదుటి ఆవిడ ఇష్టం కనుక్కున్నాకే మాట కలపమని చెప్పండి.

పరామర్శకి వెళ్ళినప్పుడు "ఎలా ఉంది అక్కా?" అంటే "బానే ఉంది" అంటారు. దాంతో మీకేమీ తెలియదు. "అక్కా, ఎన్నో రోజున నీ అంతట నువ్వు స్నానం చేశావు? మొదటిసారి విరేచనం ఎప్పుడైంది, ఎంత కష్టమైంది? రాత్రిళ్ళు ఎవరు లేచారు? ఏ పని తొందరపడి చేశావు?" ఇలా విడివిడిగా అడిగితే అసలు సంగతులు బయటికొస్తాయి.

వాళ్ళ దగ్గర తీసుకోకూడనివీ ఉన్నాయి. మిగిలిపోయిన మాత్రలు, యాంటీబయాటిక్ పేర్లు, "నాకు అండాశయాలు తీసేశారు, నువ్వూ తీయించుకో, పీడా పోతుంది" లాంటి సలహాలు వినండి గానీ పాటించకండి. ఆవిడ వయసు వేరు, రిపోర్టు వేరు. భయపెట్టే మాటలే చెప్పే మనిషైతే, ఎంత దగ్గరి చుట్టమైనా ఆపరేషన్ అయ్యేదాకా కాస్త దూరంగా ఉంచండి.

పనులు కూడా ముందే పంచండి. ఆసుపత్రిలో రాత్రి ఎవరుంటారు, పిల్లల్ని బడికి ఎవరు పంపుతారు, గేదె పాలు ఎవరు తీస్తారు, సంఘం వాయిదా ఎవరు కడతారు, ఇవన్నీ ఒక కాగితం మీద పేర్లతో రాసి పెట్టుకోండి. "ఏదైనా అవసరమైతే చెప్పు" అన్న ఆవిడకి "గురువారం మధ్యాహ్నం కూర పంపించు" అని చెప్పేయండి. అలా చెప్తేనే వాళ్ళకీ సులువు.

మూడో మెట్టు: ఏమేం తీస్తున్నారో తెలుసుకుని సంతకం

డాక్టర్ దగ్గరికి ఒంటరిగా వెళ్ళకండి. తోడు వచ్చిన ఆవిడ ప్రశ్నల చీటీ పట్టుకుని కూర్చుంటే, కంగారులో మీరు మర్చిపోయింది ఆవిడ అడుగుతుంది, చెప్పింది రాసుకుంటుంది. చీటీలో ఇవి ఉండాలి: గర్భసంచి మూతిని ఉంచుతారా, తీస్తారా? అండాశయాలు? ట్యూబులు? ఏ పద్ధతిలో చేస్తారు? ఆసుపత్రిలో ఎన్నాళ్ళు? మొత్తం ఖర్చెంత?

వీటిలో అండాశయాల ప్రశ్న చాలా ముఖ్యం. మెనోపాజ్ (నెలసరి శాశ్వతంగా ఆగిపోవడం) రాకముందే రెండు అండాశయాలూ తీసేస్తే ఆ రోజు నుంచే మెనోపాజ్ మొదలవుతుంది. 45 ఏళ్ళ లోపు అలా జరిగితే ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బుల ముప్పు పెరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్న అండాశయాలను చిన్న వయసులో "ఎలాగూ కోస్తున్నాం కదా" అని తీయకూడదు. ట్యూబులు తీసి అండాశయాలు ఉంచడం వేరే సంగతి. దానివల్ల అండాశయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది కాబట్టి ఇప్పుడు చాలామంది డాక్టర్లు అదే చేస్తున్నారు.

అంగీకార పత్రం మీకు తెలిసిన భాషలో చదివించుకోండి. చట్టప్రకారం కావలసింది మీ అంగీకారం. భర్త సంతకమో అమ్మ సంతకమో మీ సంతకానికి బదులు కాదు. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒకావిడకి, ఆవిడ స్పృహలో లేనప్పుడు తల్లి దగ్గర ఒప్పుదల తీసుకుని గర్భసంచీ అండాశయాలూ తీసేసిన కేసులో, అది చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే తీర్పు చెప్పింది.

డబ్బు సంగతి: ఆరోగ్యశ్రీ గానీ ఎన్టీఆర్ వైద్య సేవ గానీ మీ జబ్బుకి ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో, ఆసుపత్రిలో ఈ పథకాల పని చూసే ఆరోగ్యమిత్రని ముందే అడగండి. రాష్ట్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు ఈ ఆపరేషన్‌కి 45 రోజుల ప్రత్యేక సెలవు ఉంది. సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

నాలుగో మెట్టు: ఒంటినీ ఇంటినీ సిద్ధం చేయడం

నెలల తరబడి రక్తం పోయిన మనిషికి హిమోగ్లోబిన్ తక్కువే ఉంటుంది. 10 కన్నా తక్కువుంటే చాలా చోట్ల ముందు రక్తం పెంచాకే ఆపరేషన్ పెడతారు. ఐరన్ మాత్రని టీ కాఫీలకి దూరంగా, నిమ్మరసంతోనో ఉసిరితోనో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. మాత్రలతో వారాలు పడుతుంది. టైమ్ లేకపోయినా, మాత్రలు పడకపోయినా సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. షుగర్, బీపీ, థైరాయిడ్ ఉన్నవాళ్ళు అవి అదుపులోకి వచ్చాకే డేట్ తీసుకోవడం మంచిది. వేసుకునే ప్రతి మందూ, రక్తం పల్చబడే మాత్రలు, ఆయుర్వేదం, హోమియోతో సహా, డాక్టర్‌కి చూపించండి. ఏది ఎప్పుడు ఆపాలో వాళ్ళే చెప్తారు. రోజూ అరగంట నడవండి.

ఇంట్లో చూడాల్సిన వాటిలో ముందు మంచం. నులక మంచం, నవారు మంచం మధ్యలో కుంగుతాయి, వాటి మీంచి లేవాలంటే పొట్ట కండరాలన్నీ లాగుతాయి. గట్టి పరుపున్న, మోకాలి ఎత్తు మంచం కావాలి. కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే మెడికల్ షాపుల్లో దొరికే కమోడ్ కుర్చీ తెచ్చుకోండి, అద్దెకి కూడా ఇస్తారు. పైఅరల్లో ఉన్న డబ్బాలు నడుం ఎత్తుకి దింపండి. పెద్ద కాటన్ నైటీలు, బొడ్డు కింద గట్టిగా కట్టే లంగాలకి బదులు వదులుగా ఉండేవి, శానిటరీ ప్యాడ్లు, గట్టి దిండు ఒకటి సర్దుకోండి.

నగల సంగతి ముందే తేల్చుకోవాలి. థియేటర్‌లోకి వెళ్ళేముందు లోహం ఏదైనా తీయాల్సిందే: మెట్టెలు, గాజులు, ముక్కుపుడక, పుస్తెలు. ఏళ్ళ తరబడి తీయని మెట్టెలు వేలికి బిగుసుకుపోయి, ఆ ఉదయం సబ్బు నీళ్ళతో లాగుతూ ఏడ్చిన వాళ్ళను చూశాను. వారం ముందే నెమ్మదిగా తీయించి పెట్టుకోండి. పుస్తెలు తీయడానికి మనసొప్పకపోయినా, పెద్దవాళ్ళు ఒప్పుకోకపోయినా, వాటిని ఇంట్లో దాచి ఉత్త పసుపుతాడు కట్టుకోవచ్చా అని నర్సుని అడగండి. గోళ్ళ రంగు తీసేయండి. కింద వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీయకండి, గాట్లు పడి ఇన్ఫెక్షన్ వస్తుంది. అవసరమైతే ఆసుపత్రిలో వాళ్ళే కత్తిరిస్తారు.

ఐదో మెట్టు: ఆసుపత్రిలో

మామూలుగా ఆపరేషన్‌కి ఆరు గంటల ముందు నుంచి తిండి ఆపేస్తారు. మంచినీళ్ళు ఎప్పటిదాకా తాగొచ్చో మత్తు డాక్టర్ చెప్తారు. మెలకువ వచ్చేసరికి మూత్రం పైపు, చేతికి సెలైన్ ఉంటాయి. పైపు ఎక్కువమందికి మర్నాటికల్లా తీసేస్తారు. ల్యాప్రోస్కోపీ అయితే భుజంలో నొప్పి రావచ్చు. పొట్టలో నింపిన గ్యాస్ వల్ల వచ్చే నొప్పి అది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఈ మాట ముందే చెప్పేవాళ్ళు లేక, గుండెనొప్పేమోనని వణికిపోతారు. అయినా ఏ నొప్పినీ దాచుకోకండి, నర్సుకి చెప్పండి.

నొప్పి మాత్ర నొప్పి ముదిరాక కాకుండా వేళకి వేసుకోవాలి. నొప్పి అదుపులో ఉంటేనే నడవగలరు. నడిస్తేనే కాళ్ళలో రక్తం గడ్డకట్టదు, పేగులు కదులుతాయి. పడుకున్నప్పుడు కూడా గంటకోసారి పాదాలను పైకీ కిందికీ ఆడించండి.

మంచం దిగే పద్ధతి ఇది. మోకాళ్ళు ముడవండి. దిండు పొట్టకి ఆనించుకుని ఒళ్ళంతా ఒకేసారి పక్కకి తిరగండి. కాళ్ళు మంచం అంచు నుంచి కిందికి జార్చుతూ, అదే సమయంలో మోచేత్తో, రెండో అరచేత్తో పరుపుని నొక్కి పైకి లేవండి. ఒక నిమిషం కూర్చుని, కళ్ళు తిరగకపోతే నిలబడండి. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా నవ్వొచ్చినా అదే దిండుని పొట్టకి గట్టిగా అదుముకోండి. తోడున్న ఆవిడ చెయ్యి పట్టి లాగకూడదు, పక్కన నిలబడి ఆసరా ఇవ్వాలి. దీన్ని ఆపరేషన్‌కి ముందే ఇంట్లో నాలుగుసార్లు సాధన చేయండి.

ఆరో మెట్టు: ఇంటికొచ్చాక మొదటి రెండు వారాలు

ఇక్కడ పథ్యం గురించి గట్టిగా చెప్పాలి. పప్పు తింటే కుట్లు చీము పడతాయని, నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని, పెరుగు చలవని చాలా ఇళ్ళలో కారప్పొడి అన్నంతో సరిపెడతారు. పుండు మానడానికి కావలసిందే మాంసకృత్తులు. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేప, మీకు అలవాటైనవన్నీ తినండి. డాక్టర్ వద్దంటే తప్ప నీళ్ళు బాగా తాగండి. నీళ్ళు తగ్గిస్తే మలబద్ధకం, మూత్రంలో మంట మొదలవుతాయి. ముక్కి విరేచనానికి వెళ్ళడం ఈ రోజుల్లో పడే బాధల్లో పెద్దది. ఆకుకూరలు, బొప్పాయి, అవసరమైతే డాక్టర్ రాసిచ్చిన ఇసబ్గోలో సిరప్పో మొదటి నుంచే వాడండి. అత్తగారు ఒప్పుకోకపోతే మీరు వాదించొద్దు. ఆపరేషన్ అయి పప్పూ పెరుగూ తిని చక్కగా కోలుకున్న మీ తోడు ఆవిడని తీసుకొచ్చి ఆవిడతోనే చెప్పించండి. ఆ మాటకి ఉండే విలువే వేరు.

కుట్ల మీద పసుపు, పౌడరు ఏవీ చల్లకండి. శుభ్రంగా, పొడిగా ఉంచితే చాలు. లేత గోధుమరంగు లేదా ఎర్రటి స్రావం కొద్దికొద్దిగా కొన్ని వారాలు ఉండొచ్చు. ప్యాడ్లే వాడాలి, లోపల ఏమీ పెట్టకూడదు.

ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సినవి: 100.4 డిగ్రీలు దాటిన జ్వరం; గంటలో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం; దుర్వాసనతో స్రావం; కుట్ల దగ్గర ఎర్రగా వాచి చీము; ఒక కాలి పిక్క వాచి నొప్పి; మూత్రం రాకపోవడం, లేదా మూత్రం మీకు తెలియకుండానే నీళ్ళలా కారిపోతూ ఉండటం; పొట్ట ఉబ్బి వాంతులు. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం ఉంటే వెంటనే 108. ఈ జాబితాని మంచం పక్క గోడకి అంటించి, రోజూ వచ్చే తోడు మనిషికి కూడా చదివి వినిపించండి. చాలాసార్లు "ఇదేదో తేడాగా ఉంది, పద" అనేది ఆవిడే.

ఏడో మెట్టు: ఆరు వారాలూ, ఆ తర్వాతా

బయటి కుట్లు మానినట్టు కనిపించినా లోపలి కుట్లకి టైమ్ పడుతుంది. ఆరు వారాలదాకా నాలుగు కిలోలు మించి ఎత్తొద్దు. నిండు బిందె 15 కిలోలుంటుంది, మంచినీళ్ళ టిన్ను 20, నిండు గ్యాస్ సిలిండర్ 30 దాకా. చంటిబిడ్డని కూడా కూర్చుని ఒళ్ళోకి తీసుకోవాలే గానీ వంగి ఎత్తకూడదు. ఆఫీసు పనికి ల్యాప్రోస్కోపీ అయితే మూడు నాలుగు వారాల్లో, పొట్ట కోసి చేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వెళ్ళగలుగుతారు. నాట్లు, కలుపు, పత్తి తీత, ఇటుకల మోతలాంటి పనులకి మూడు నెలలు ఆగాలి. కూలికి వెళ్ళకపోతే పూట గడవని ఇంట్లో ఈ మాట చెప్పడం తేలిక, పాటించడం కష్టం. అందుకే సంఘం ముందుకు రావాలి. వాయిదా వెనక్కి జరపడం, చిన్న అప్పు సర్దడం, వంతులవారీగా నీళ్ళు మోసిపెట్టడం చేయగలిగితే ఆవిడ కుట్లు తెగకుండా కాపాడినట్టే.

పైపు తీశాక, నొప్పి తగ్గాక, మూత్రం ఆపుకునే కండరాల్ని కొద్ది సెకన్లు బిగించి వదిలే వ్యాయామం పదేసిసార్లు, రోజుకి మూడు పూటలా చేయండి. మూత్రం పోసేటప్పుడు మాత్రం చేయకూడదు. భార్యాభర్తల కలయిక కనీసం ఆరు వారాలు ఆగి, డాక్టర్ చూసి సరేనన్నాకే. ఇది భర్తకి డాక్టరే నేరుగా చెప్పేలా చూడండి. గర్భసంచి తీస్తే కోరిక పోతుందని, ఆడతనం పోతుందని అనేవి నిజం కావు. ఏళ్ళ తరబడి నొప్పి, రక్తస్రావం పడ్డ చాలామందికి తర్వాతే హాయిగా ఉంటుంది. పొడిబారడం ఉంటే దానికి జెల్లు, క్రీములు ఉన్నాయి. సిగ్గుపడకుండా అడగండి.

మనసు, ఆవిర్లు, ఎముకలు

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి కారణం లేకుండా ఏడుపు రావడం మామూలే. పిల్లలు పుట్టకముందే తీయాల్సి వచ్చిన వాళ్ళ బాధ ఇంకా లోతుగా ఉంటుంది. వాళ్ళ దగ్గర "పోనీలే, పీడా వదిలింది" అనకండి. పక్కన కూర్చుని విన్నా చాలు. దిగులు రెండు వారాలు దాటినా, నిద్ర తిండి మానేసినా, చచ్చిపోవాలనిపించినా మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అండాశయాలు తీసేసిన వాళ్ళకి ఆవిర్లు, రాత్రి చెమటలు, చిరాకు కొద్ది రోజుల్లోనే మొదలవుతాయి. 45 లోపు వాళ్ళు హార్మోన్ చికిత్స గురించి తప్పకుండా అడగాలి. కొన్ని రకాల క్యాన్సర్ల లాంటి అడ్డంకి లేకపోతే, మామూలుగా మెనోపాజ్ వచ్చే 50 ఏళ్ళదాకా దాన్ని వాడమంటారు. అండాశయాలు ఉంచినా మెనోపాజ్ కాస్త ముందే రావచ్చు. పాలు, రాగులు, నువ్వులు, ఎండలో నడక అందరికీ అవసరమే. క్యాల్షియం, విటమిన్ డి మాత్రలు డాక్టర్ చెప్పిన మోతాదులో వాడండి.

ఇంకొక్క పని చాలామంది వదిలేస్తారు. తీసిన గర్భసంచిని బయాప్సీకి పంపారో లేదో అడిగి, ఆ రిపోర్టుని రెండు మూడు వారాల్లో చేతికి తెచ్చుకోండి, డాక్టర్‌తో చదివించుకోండి. దాన్నీ, డిశ్చార్జి కాగితాన్నీ ఒకే ఫైల్లో దాచండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టండి. గర్భసంచి మూతిని ఉంచినా, క్యాన్సర్ కోసమో దాని ముందు దశ కోసమో ఆపరేషన్ చేసినా తర్వాత కూడా స్మియర్ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఎంత తరచుగా అన్నది ఆ రిపోర్టు చూసే చెప్తారు.